డిశ్చార్జి రాసిన రోజు

జూలై 2, 2024. మంగళవారం

ప్రసూతి వార్డు. పొద్దున రౌండ్లో నలుగురికి డిశ్చార్జి రాశారు. మధ్యాహ్నమైనా ఒక్కరూ కదల్లేదు. మంగళవారం పసిపిల్లను ఇల్లు చేర్చరు. కొందరు శుక్రవారం కూడా. అమావాస్య సరేసరి.

హెడ్ సిస్టర్ గోడ మీది పంచాంగం క్యాలెండర్ చూపించింది. "మేం సోమవారం సాయంత్రమే రాయిస్తం మేడం. కొత్త డాక్టరమ్మకు ఇంక తెల్వదు."

క్యాలెండర్ ఒక బంగారు షాపు వాళ్లిచ్చింది. వార్డుకు అదే డిశ్చార్జి ప్రణాళిక. నాకు సరిగానే ఉందనిపించింది.

జూలై 3

ఆస్పత్రులకు నేను మార్కులు వేసే చెక్‌లిస్టులో డిశ్చార్జికి వేరే ప్రమాణం ఉంది. జాతీయ నాణ్యతా ప్రమాణాలు, ఇ విభాగం, తొమ్మిదోది. పూర్తిగా ఉంటే 2. కొంత ఉంటే 1. లేకుంటే 0.

తెలుసుకునే దారులు నాలుగు. కళ్లతో చూడటం, సిబ్బందిని అడగటం, రికార్డు చదవటం, పేషెంటును అడగటం.

నాలుగోది కష్టం. డిశ్చార్జి అయిన మనిషి వార్డులో ఉండడు. అందుకని రేపు పోబోయే వాళ్లను అడుగుతాం. ఇంటికి పోయాక ఏం చెయ్యాలో చెప్పారా? అందరూ తలూపుతారు. డాక్టరు పక్కనే ఉంటాడు.

జూలై 8

కేస్ షీట్ల మీది నంబర్లకు ఫోన్లు.

మొదటిది ఆటో ఆయన. పేషెంటును తెచ్చి దించినాయన. "నన్నే రాయించుకున్నరు మేడం. ఊరు తెలుసు. పేరు యాదికి లేదు."

రెండోది మోగి మోగి ఆగిపోయింది.

మూడోది భివండీలో ఎత్తారు. వెనక మరమగ్గాల చప్పుడు. కొడుకు. గట్టిగా అరిచి మాట్లాడాడు. "మా నాయిన దవాఖానలనే ఉన్నడు గద?"

డిశ్చార్జి అయి వారం దాటింది. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆ మాట భివండీకి నేను చెప్పాల్సి వచ్చింది.

'మేరా అస్పతాల్' 2016 నుంచి నడుస్తోంది. ఇంటికి వెళ్లిన పేషెంట్ల ఫోన్లకు మెసేజ్ వస్తుంది, కాల్ వస్తుంది, సేవలు ఎలా ఉన్నాయో చెప్పమంటుంది. ఈ పెద్దాయన మీది ప్రశ్న కూడా మగ్గాల మధ్యకే పోతుంది.

జూలై 14. ఆదివారం

కట్టు మార్చుకోవడానికి ఒకాయన. వెంట భార్య. రెండు బస్సులు మారి వచ్చారు. కాగితం మీద 'ఐదు రోజుల తర్వాత రావాలి' అని ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని సరిగ్గా ఐదో రోజున వచ్చారు. ఆదివారం ఓపీ లేదు.

క్యాజువాలిటీ సిస్టర్ కట్టు మార్చింది. రిజిస్టర్లో రాయలేదు. రాస్తే ఓపీ పని ఇక్కడెందుకు చేశావంటారట.

జూలై 22

పొద్దంతా ఆరోగ్యమిత్ర పక్కన కూర్చున్నాను.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది. అనంతపురం, శ్రీకాకుళం, మన పాలమూరు. మిత్రల కౌంటర్లు ఆనాటివే. బయటి దేశాల్లో కేస్ మేనేజర్ అని ఒక ఉద్యోగం ఉంది. దానికి చదువులున్నాయి, పరీక్షలున్నాయి. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్న మనిషి ఇతనే. కార్డు చూడటం. అనుమతికి కాగితాలు పంపటం. ఆపరేషన్ అయిందా, అన్నం పెడుతున్నారా అని వార్డు తిరగటం. పోయే రోజు పది రోజుల మందులు, దారిఖర్చు అందాయా చూడటం. ఫొటో. సంతకం, లేదా వేలిముద్ర.

ఒక పెద్దాయన ఫొటోకు ఒప్పుకోలేదు. రుమాలు చుట్టుకోకుండా దిగడట. రుమాలు మంచం కింద సంచిలో ఉంది. మిత్ర వెళ్లి తెచ్చాడు. ఆయన తాపీగా చుట్టుకున్నాడు. వెనక లైను ఆగింది. ఎవరూ ఏమనలేదు.

మిత్ర ఫోన్లో పేర్లు చూశాను. 'బెడ్ 14 కొడుకు'. 'తుంటి అవ్వ మనుమడు'. 'అచ్చంపేట స్టెంటు'. 'కాలు అన్న నల్లషర్టు'.

"ఇంటికి పోయినంక గూడ చేస్తరా?"

"పదకొండో నాడు చేస్తరు మేడం. గోలీలు అయిపోంగనే."

అప్పుడు ఎవరిని కలవాలి, ఏ గోలీ ఆపాలి, ఏది బతికినన్నాళ్లు వేసుకోవాలి. ఆ మాటలు ఫోన్లో ఇతనే చెబుతాడు. డాక్టరును అడిగి చెబుతాడు. డ్యూటీలో లేనప్పుడు కూడా. దీనికి కాలమ్ ఎక్కడా లేదు.

జూలై 23

అతని ఉద్యోగం పర్మినెంటు కాదు. నిన్న అడగలేదు. ఇవ్వాళ వేరేవాళ్లు చెప్పారు.

జూలై 25

2023 డిసెంబర్ 9. ఒక్కరోజే రెండు మొదలయ్యాయి. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంపు.

బస్టాండులో ఒక జంట. ఆయన కాలులో రాడ్డు, సంకలో కర్ర. ఆమె చేతిలో ఎక్స్‌రే కవరు, ప్లాస్టిక్ బకెట్, అందులో టిఫిన్ డబ్బా, దుప్పటి. కండక్టర్ ఆమెకు జీరో టికెట్ కొట్టాడు. ఆయనకు మామూలు టికెట్. ఆమె కొంగుముడి విప్పి పైసలు తీసింది.

ఉచిత బస్సు వచ్చాక వార్డుల్లో ఆడ తోడు పెరిగిందని సిస్టర్లంటారు. బిడ్డలు, అక్కలు, మేనత్తలు వంతులేసుకుని వస్తున్నారు. ముందు ఒకామెనే పది రోజులు కూర్చునేదట. ఇది ఎవరైనా కూర్చుని లెక్క తీస్తే బాగుండు.

ఆగస్టు 5

శ్రీశైలం రోడ్డు. మన్ననూర్ గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరుకు తెరుస్తారు. పులుల అడవి.

గేటు అవతలి ఊరి చెంచు పేషెంటుకు ఒక దవాఖానలో డిశ్చార్జి కాగితం చేతికొచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. పొద్దున తొమ్మిదిన్నరకే డాక్టరు రాశాడు. మధ్యలో టైపు, సంతకం, ఫార్మసీ, మళ్లీ సంతకం. గేటు మూసేలోగా దాటే ఆఖరి బస్సు అప్పటికే పోయింది. ఆయన, భార్య, చంటిపిల్ల బస్టాండులో పడుకున్నారు. కడుపు ఆపరేషన్ అయిన మనిషి సిమెంటు బెంచీ మీద.

రేపు గేటు తెరిచాక బస్సు.

కాగితం మీద డిశ్చార్జి సమయం ఉదయం 10 అని ఉంది.

ఆగస్టు 6

చెక్‌లిస్టులో ఒక గడి. డిశ్చార్జి సమయం నమోదు అవుతోందా? అవుతోంది.

ఆగస్టు 9

పక్షవాతం కేసు. అరవై దాటిన ఆమె. ముక్కులో గొట్టంతో ఇంటికి. కోడలికి పోసే పద్ధతి చూపించాలి.

స్టాఫ్ నర్సు నిడమనూరు పిల్ల. మంచం తలవైపు ఎత్తింది. గొట్టం సరిగా ఉందా చూడటం, సిరంజి పెట్టడం, మెల్లగా పోయడం, తర్వాత నీళ్లతో కడగడం. అరగంట దాకా పడుకోబెట్టొద్దు. అంతా చూపించింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు నువ్వు జెయ్యి. నేను మీ అత్తను అనుకో. నాకు చెప్పుకుంట జెయ్యి."

కోడలు చేసింది. కడగడం మర్చిపోయింది. నర్సు ఏమనలేదు. మొదట్నుంచి మళ్లీ. రెండోసారి గుర్తుంది. మూడోసారి కొడుకుతో చేయించింది. కొడుకు చేతులు వణికాయి. వాళ్లమ్మ కళ్లు తెరిచి వాణ్నే చూస్తోంది.

కోడలు అడిగింది: "గట్క పొయ్యొచ్చా? ఆమెకు గదే ఇష్టం."

"గట్క అడ్డం పడతది. జావ పలుచగ గాచి, వడగట్టి పొయ్యి."

"మజ్జిగ?"

"పొయ్యి."

కోడలు ముఖంలో కొంచెం తేట.

ఆగస్టు 10

నిన్నటి పిల్లను అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని. ఎక్కడా కాదట. వాళ్ల నాయనమ్మను ఇంట్లో చూసుకున్నప్పుడు, ఎవరూ చూపించక వాళ్లమ్మ తిప్పలు పడిందట.

బోస్టన్‌లో ఇదే పనికి పెద్ద పరీక్ష పెట్టారు. 749 మంది పేషెంట్లు. సగం మందికి ఒక నర్సు, చదువుకోగలిగేలా ఒక పుస్తకం, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం, ఇంటికి వెళ్లిన రెండు నాలుగు రోజుల్లో ఫార్మసిస్ట్ ఫోను. మిగతా సగానికి మామూలు డిశ్చార్జి. నెలలోపు మళ్లీ ఆస్పత్రికి రావడం మొదటివాళ్లలో 30 శాతం దాకా తక్కువ. 2009లో అచ్చయింది.

ఆ పిల్లకు చెప్పాను. "ఫోను గూడ జేస్తరా మేడం?" అంది. మిగతా ఏదీ ఆమెకు కొత్త కాదు.

వార్డులో ఆ షిఫ్టుకు ఆమె ఒక్కతే. గొట్టం దగ్గర గడిపిన ముప్పావు గంట తక్కిన మంచాలకు సూదులు ఆలస్యం. అదీ రాసుకోవాలి.

ఆగస్టు 19

తక్కువ బరువుతో పుట్టిన పిల్ల. నవజాత శిశువుల యూనిట్ నుంచి ఇవ్వాళ ఇంటికి. దవాఖానలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశమ్మ, అంటే ఆశ కార్యకర్త, ఇంటికి వెళ్లి చూసి రావాలి. పద్ధతి మంచిది. వెళ్లే ఆశమ్మలు ఉన్నారు. ఎండలో, కాలినడకన, బరువు తూచే సంచి పట్టుకుని.

ఈ తల్లిది అత్తగారిల్లు పెబ్బేరు వైపు. ఆధార్, రేషన్ కార్డు అక్కడివే. సమాచారం అక్కడి ఆశమ్మకు వెళ్తుంది. తొలికాన్పు. తల్లిగారింటికి పోతుంది. అది కొల్లాపూర్ దగ్గర. ఐదో నెల దాకా అక్కడే.

2016 అక్టోబర్ 11కు ముందు రెండూ ఒక్క జిల్లా. ఇప్పుడు ఒకటి వనపర్తి, ఒకటి నాగర్‌కర్నూల్. రెండు రిజిస్టర్లు. పిల్ల మొదటిదాంట్లో ఉంది. ఇంట్లో లేదు. రెండోచోట ఇంట్లో ఉంటుంది. రిజిస్టర్లో లేదు.

తెలుగు నేల మీద తొలికాన్పు తల్లిగారింట్లో అవుతుందని కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. ఫారంలో ఒక గీత చాలు. 'ఇప్పుడు పోయే ఊరు.'

సిస్టర్ అమ్మమ్మ నంబరు తీసుకుంది. కొల్లాపూర్ వైపు ఆశమ్మ ఎవరో తెలుసుకోవడానికి తనకు తెలిసిన ఏఎన్ఎంకు, ఆమెకు తెలిసిన ఇంకో ఏఎన్ఎంకు చేసింది. మూడో ఫోనుకు దొరికింది. అమ్మమ్మ ఈలోపు పిల్లను తువ్వాలలో చుట్టి సిద్ధం.

ఆగస్టు 28

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీది ప్రమాదాలు. ఒక లారీ డ్రైవర్, ఒడిశా. చేయి కట్టు, తల కుట్లు. ఆధార్ లారీలో. లారీ పోలీస్ స్టేషన్లో. తెలుగు నాలుగు మాటలు. తోడు ఎవరూ లేరు.

డిశ్చార్జి కాగితంలో 'సహాయకుని సంతకం' దగ్గర సెక్యూరిటీ గార్డు సంతకం పెట్టాడు. ఊరికే పెట్టలేదు. డ్యూటీ దిగాక బండి మీద చిట్యాల దాకా తీసుకుపోయి, ధాబాలో ఒడిశా లారీ వెతికి, ఎక్కించి వచ్చాడు. వాళ్ల ఊరికి చేరినట్టు ఫోను వచ్చిందా అని అడిగాను. "వచ్చింది మేడం. వాళ్లమ్మ మాట్లాడింది. ఒక్క ముక్క సమజ్ గాలె. ఏడ్చింది, నవ్వింది."

సెప్టెంబర్ 1. ఆదివారం

వాన. కోదాడలో నీళ్లు ఊళ్లోకి. కార్లు కొట్టుకుపోయాయి. రోడ్లు బంద్.

సెప్టెంబర్ 2

ఒక ఆస్పత్రిలో ఇవ్వాళ డిశ్చార్జిలన్నీ ఆపేశారు. సూపరింటెండెంటు నోటిమాట. 'వాగు తగ్గేదాకా ఎవర్నీ పంపొద్దు.' కొత్త కేసులకు మంచాల్లేవు. వరండాలో పరుపులేశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు.

మంచం ఖాళీ కావడం కన్నా మనిషి ఇల్లు చేరడం ముందుకొచ్చిన రోజు.

సెప్టెంబర్ 11

మర్రిగూడ వైపు మనిషి. ఫ్లోరోసిస్. నడుము వంగి, మోకాళ్లు వంగి, ఏళ్లుగా అంతే. జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్. బాగా చేశారు.

డిశ్చార్జి కాగితం వెనక వ్యాయామాలు అచ్చువేసి ఉన్నాయి. మొదటిది: వెల్లకిలా పడుకుని మోకాలు చాపి కాలు పైకెత్తాలి. ఆయన వెల్లకిలా పడుకుని ఎన్నాళ్లయిందో. పక్కకే పడుకుంటాడు. భార్య ఆ బొమ్మను ఆయనకు చూపించింది. ఇద్దరూ కాసేపు చూశారు. మడిచి సంచిలో పెట్టుకుంది.

పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నాగపూర్ నీరీ వాళ్ల పద్ధతి అది. ప్రపంచమంతా పాఠాల్లో చదువుతారు. తర్వాత మిషన్ భగీరథ వచ్చింది, కృష్ణా నీళ్లు వచ్చాయి. కొత్త పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. వంగిన నడుములు వంగినట్టే మిగిలాయి. ఈ జిల్లాలో ఎముకల వార్డుకు వ్యాయామాల కాగితం వేరేగా ఉండాలి. ఫిజియోథెరపీ అబ్బాయికి చెప్పాను. సాయంత్రం వరకు ఉండి, పక్కకు పడుకుని చేసేవి మూడు బొమ్మలు పెన్నుతో గీసిచ్చాడు. బొమ్మ అంత బాగా రాలేదు. పేషెంటుకు అర్థమైంది.

సెప్టెంబర్ 18

డిశ్చార్జి కాగితాన్ని ఊళ్లో మొదట చదివేది ఆర్ఎంపీ. పీహెచ్‌సీ డాక్టరు కాదు, ఆశమ్మ కాదు. దేవరకొండ అవతల ఒక తండాలో ఆయన దగ్గర కూర్చున్నాను. డ్రాయరు నిండా ఫోటోస్టాట్లు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి, ఊళ్లో ఎవరెవరు ఎక్కడెక్కడ కోయించుకున్నారో అన్నీ. ఇంటివాళ్లు పోగొట్టుకుంటే ఈయన దగ్గర ఉంటాయి.

గోలీల అట్టల మీద పెన్నుతో సూర్యుడు, నెలవంక గీసిస్తాడు. మంచి పని. రాసిన మందు ఖరీదని వేరేది ఇస్తాడు. చెయ్యకూడని పని. రెండూ ఒకే చెయ్యి.

సెప్టెంబర్ 24

మిర్యాలగూడ మేనకోడలు ఫోను. డాలస్‌లో కేస్ మేనేజర్. పేషెంటు చేరిన మొదటి రోజే తన పని మొదలవుతుందంది. డిశ్చార్జి గురించి మొదటి రోజే. అడిగేవి: ఇంట్లో ఎవరుంటారు? మెట్లెన్ని? బాత్రూం ఏ అంతస్తు? మందులు ఎవరు తెస్తారు?

2012 అక్టోబర్ నుంచి అక్కడ కొన్ని జబ్బుల వాళ్లు 30 రోజుల్లో తిరిగి ఎక్కువమంది చేరితే ఆస్పత్రికి మెడికేర్ డబ్బు కోత. అందుకే ఇంత శ్రద్ధా అని అడిగాను.

"కొంత అందుకే అత్తమ్మా. కానీ అడగడం మొదలుపెట్టాక అడక్కుండా ఉండలేం."

మన పేషెంటు తిరిగి చేరితే ఎక్కడ చేరతాడు? మొదట ఆర్ఎంపీ సెలైన్. తర్వాత పట్నం ప్రైవేటు. పంపిన ఆస్పత్రికి ఎప్పటికీ తెలియదు. బాగైపోయాడనుకుంటుంది.

సెప్టెంబర్ 26

ఆ ప్రశ్నలే వార్డులో అడిగి చూశాను.

"ఇంటికి మెట్లెన్ని?"

"మెట్లు లేవు బిడ్డా. చెర్వుకట్ట ఎక్కాలె."

"బాత్రూం?"

"ఉన్నది. అండ్ల కట్టెలు వోసినం."

"రాత్రి లేస్తే ఎవరు పడతరు?"

అవ్వ ఆలోచించింది. "మా ఆయనకు కండ్లు కనవడయి. ఆయన నన్ను పడతడు. నేను తొవ్వ చెప్త."

సిస్టర్ వెంటనే వాకర్ గురించి అడగడానికి వెళ్లింది. స్టోర్‌లో రెండున్నాయి. ఎవరూ అడగక దుమ్ము పట్టి ఉన్నాయి.

అక్టోబర్ 2

ఎంగిలిపూల బతుకమ్మ. పెత్తర అమావాస్య కూడా. పండుగకు ఇంటికి పోవాలని సగం వార్డు. అమావాస్య నాడు పోమని సగం వార్డు. సిస్టర్లు రెండు జాబితాలు రాసుకున్నారు.

అక్టోబర్ 8

ఒక ముసలాయన. ప్రాణానికి ఏం లేదు, డిశ్చార్జి చెయ్యొచ్చు. చూసుకునేది కోడలొక్కతే. పెళ్లయి మూడేళ్లకు మొదటిసారి సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి పోతోంది. కొడుకు పుణేలో సెంట్రింగ్ పని.

డాక్టరు కేస్ షీట్లో ఇంకో నాలుగు రోజులు అబ్జర్వేషన్ అని రాశాడు. ఎందుకో రాయలేదు. రాయడానికి చోటు కూడా లేదు. కోడలు పోయింది. పక్క మంచం వాళ్లు తాతకు అన్నం పెట్టారు.

రికార్డు చదివే లెక్కన ఇది కారణం లేని ఆలస్యం. 0 వెయ్యాలి. వెయ్యలేదు.

అక్టోబర్ 14

కోడలు వచ్చింది. సంచిలో సత్తుపిండి. వార్డంతా పంచింది. తాత ఇంటికి.

అక్టోబర్ 17

పాలమూరు వైపు ఆలన బండితో. నయం కాని జబ్బులవాళ్ల ఇళ్లకు వెళ్తుంది. నర్సు, ఫిజియో, డ్రైవరు. ఎంఎన్‌జే నుంచి ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్లే ఎక్కువ. ఆ డిశ్చార్జి కాగితాలు చిన్నవి.

నర్సు కాగితం తర్వాత చూస్తుంది. ముందు గడపలో కూర్చుంటుంది. "రాత్రి ఎవరు పక్కన పండుతరు?" అదే మొదటి ప్రశ్న. ప్రతి ఇంట్లో.

2014లో మార్ఫిన్ చట్టం సడలించారు. గోలీ ఉంది. ఎన్ని గంటలకు ఒకటో గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఏడో క్లాసు మనుమరాలు రాసిందట. నొప్పి వచ్చాక కాదు, గంట కొట్టినట్టు వేళకు ఇవ్వాలని ఆ పిల్లే మాకు చెప్పింది.

డ్రైవర్ పశువుల కొట్టం దగ్గర ఆ ఇంటాయన కొడుకుతో మాట్లాడుతున్నాడు. కొడుకు ఇంట్లో ఏడవడు. ఇక్కడ ఏడ్చాడు. డ్రైవర్‌కు ఇది అలవాటు. బీడీ ఇచ్చాడు. తర్వాత వెనక్కి తీసుకున్నాడు, "ఇంట్ల ఆయనకు ఊపిరితిత్తుల కేన్సరు గద, వద్దు" అని.

అక్టోబర్ 22

బాలింతకు 102 బండి. ఇంటి గుమ్మం దాకా. చనిపోయినవారికి సర్కారు బండి. అదీ గుమ్మం దాకా. రెండూ ఎంతో మేలు చేశాయి. వెనకటి రోజులు చూసినవాళ్లకు తెలుసు, శవాన్ని ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయిన రోజులు.

కాలు విరిగినవాడికి బస్సు.

నవంబర్ 6

దీపావళి వెళ్లింది. వలస పనులకు మనుషుల్ని తీసుకుపోయే గుంపు మేస్త్రీలు వచ్చారు. బండ్లు కదులుతున్నాయి.

ఒక దవాఖానలో లామా కాగితాల కట్ట చదివాను. డాక్టరు వద్దన్నా పోయినవాళ్లవి. కారణం గడిలో అన్నింటా ఒకే మాట: వ్యక్తిగత కారణాలు. సిస్టర్‌ను ఒక్కొక్కటీ అడిగాను. ఆమెకు అన్నీ గుర్తున్నాయి.

ఈయన: మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, ముంబై బండి ఆ రాత్రే. ఈమె: పత్తి ఏరేది ఉంది, వాన మబ్బు పట్టింది. ఈమె: ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, పక్కింట్లో వదిలి వచ్చింది. ఈయన: బర్రె ఈనేటట్టుంది. ఈ అవ్వ: తనకోసం మనుమడు కాలేజీ మానేస్తున్నాడని.

మేస్త్రీ ఒకతను వార్డు బయటే నిలబడ్డాడు. దుర్మార్గుడేం కాదు. పండ్లు తెచ్చాడు. "అక్కడ గూడ దవాఖాన ఉంటది సార్, నేను జూపిస్త" అని డాక్టరుకు చెబుతున్నాడు. డాక్టరు కుర్రాడు. కాసేపు కోపంగా చూశాడు. తర్వాత కూర్చుని, ముంబైలో ఏ డాక్టరు చూసినా తెలిసేలా ఇంగ్లీషులో ఒక పేజీ నిండా రాశాడు. మేస్త్రీ చొక్కా జేబులో పెట్టాడు. పేషెంటు జేబులో కాదు. "వీళ్లు పోగొడ్తరు. ఈయన పోగొట్టడు, అడ్వాన్సు ఇచ్చిండు."

నేను చూసిన డిశ్చార్జి కాగితాల్లో అంత వివరంగా రాసింది ఇంకోటి లేదు. పైన మాత్రం లామా అని ఉంది.

నవంబర్ 13

డయాలసిస్ యూనిట్. వారానికి మూడుసార్లు. పొద్దుటి షిఫ్టుకు అందాలంటే తొలి బస్సు. వీళ్లకు డిశ్చార్జి లేదు. ఒకరి మంచం ఒకరికి తెలుసు. రానివాడి కోసం మిగతావాళ్లే ఫోన్లు చేస్తారు.

నవంబర్ 19

మార్కులు వెయ్యాల్సిన రోజు.

డిశ్చార్జి సమ్మరీ ఇస్తున్నారు: 2. మందులు రాసి ఉన్నాయి: 2. తిరిగి రావాల్సిన తేదీ ఉంది: 2. పేషెంటుకు, తోడున్నవారికి చెబుతున్నారు: 1.

ఆ 1 దగ్గర చాలాసేపు ఆగాను. నిడమనూరు పిల్లకు 2. టైపు సెక్షన్‌కు 0. కలిపి 1.

నవంబర్ 21

సూపరింటెండెంటుకు రిపోర్టు ఇచ్చాను. చదివాడు. నిజంగానే చదివాడు, పేజీలు వెనక్కి తిప్పి. కొత్త ఫారం అచ్చువేయడానికి పై అనుమతి కావాలన్నాడు. తర్వాత, "రబ్బరు స్టాంపుకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు" అన్నాడు.

నవంబర్ 23

స్టాంపుల దుకాణం. ఐదు వరుసలు రాసుకుపోయాను. సైజు పెరిగితే డిశ్చార్జి కాగితం అడుగున ఖాళీలో పట్టదన్నాడు. నాలుగు వరుసలే. ఇంటికి మెట్లు, బాత్రూం ఉన్న వరుస తీసేశాను. బాధగానే ఉంది. మిగిలినవి:

ఇప్పుడు పోయే ఊరు.
ఇంటి దగ్గర ఎవరు చూసుకుంటారు, ఫోను.
ఆ ఊరి ఆశ, ఫోను.
ఆఖరి బస్సు.

దుకాణమాయన అచ్చు సరిచూస్తూ ఆఖరిదాని దగ్గర ఆగాడు. "దవాఖాన కాగితంల బస్సెందుకు మేడం?" చెప్పాను. వాళ్ల నాయన సంగతి చెప్పాడు. పైసలు తక్కువ తీసుకున్నాడు.

నవంబర్ 27

ఆడవాళ్ల సర్జికల్ వార్డులో మొదలు. పొద్దుటి సిస్టర్లు నింపుతున్నారు. ఆశ ఫోను దగ్గరే ఆలస్యం. మండలాల వారీ నంబర్ల జాబితా గోడకు అంటించాలి. డీఎంహెచ్‌ఓ ఆఫీసులో అడగాలి. పెబ్బేరు, కొల్లాపూర్ లాంటి పక్క జిల్లాలవి కూడా.

ఆఖరి బస్సు గడి చూసి ఒక హౌస్ సర్జన్ సమ్మరీలు ముందు రాయడం మొదలుపెట్టింది. దూరం ఊళ్లవి పైన, టౌన్ వాళ్లవి కింద.

సాయంత్రం షిఫ్టుకు ఎవరూ చెప్పలేదు. స్టాంపు డ్రాయర్లో ఉండిపోయింది. మగవాళ్ల వార్డుకు ఇంకోటి చేయించాలి. రేపు మధ్యాహ్నం రెండింటికే వెళ్లాలి, షిఫ్టు మారేటప్పుడు.